నడిమి తీగ వేరు – నేల తీగ వేరు

(జహీరాబాదు ప్రాంతపు గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

మీ ముందున్న ఈ మైకును ఒకసారి చూడుడు. నా ఉద్యోగము ప్రచార శాఖలో. ఊరూర తిరిగి ప్రభుత్వ పథకములను గూర్చి గ్రామసభలలో చెప్పుట నా పని. రైతునకు నాగలి ఎట్లో నాకు మైకు అట్లు. ఇన్నేండ్లుగా చేతబట్టుచున్న ఈ పనిముట్టు మనిషి ప్రాణమునకే ముప్పు తేగలదని నేను తెలిసికొన్నది మాత్రము ఈ ప్రాంతపు ఒక పల్లెలోనే. నేటి నా ప్రసంగము ఆ సంఘటనతో మొదలై, మీ ఊరి ట్రాన్స్‌ఫార్మరు వరకు పోయి, మరల మీ పంచాయతీ కార్యాలయమునకు తిరిగి వచ్చును.

కొన్నేండ్ల క్రిందటి మాట. వర్షాకాలము. గ్రామసభకు పోయితిని. ఊరి పేరు చెప్పను. చెప్పవలసిన అవసరము లేదు. ఆ పంచాయతీ మైకు సెట్టులో కరెంటు పెట్టె కాలిపోగా, ఐ.టి.ఐ. చదివిన ఆ ఊరి యువకుడొకడు బజారు నుండి విడిభాగములు తెచ్చి, తన చేతితోనే క్రొత్త పెట్టెను తయారుచేసెను. రేకు డబ్బాలో చక్కగా అమర్చెను. అతని ఇంట రెండు నెలలు ఏ ఆటంకము లేకుండ పనిచేసినది. గ్రామసభనాడు పంచాయతీ కార్యాలయమున కొయ్యబల్లపై దానిని పెట్టి, ప్లగ్గును గోడకు తగిలించిరి. శబ్దము గంట వలె పలికినది. సర్పంచిగారు మాట్లాడిరి, నేను మాట్లాడితిని. మా కిద్దరికి కాళ్లకు చెప్పులున్నవి. క్రింద పొడి చెక్కల వేదిక యున్నది. ఏమియు కాలేదు.

తరువాత ఒక మహిళా సభ్యురాలు మాట్లాడవలసి యుండగా, మైకు కర్రను క్రిందికి దింపుటకై పంచాయతీ కార్మికుడొకడు వచ్చెను. వయస్సు మీదపడినవాడు. వానలో తడిసిన నేలపై చెప్పులు లేని కాళ్లతో నిలిచి మైకును పట్టుకొనెను. పట్టుకొన్న చేయి విడువలేకపోయెను. నోట మాట రాలేదు. ఆ మహిళా సభ్యురాలు మా అందరి కంటె ముందు గ్రహించి, ఆయనను ముట్టుకొనక, పరుగున పోయి గోడ స్విచ్చిని ఆపివేసెను. ఆయన క్రింద కూలబడెను. కొంతసేపటికి తేరుకొనెను. ఆమె సమయస్ఫూర్తి వలన ఒక కుటుంబము నిలిచినది.

సభ ముగిసిన తరువాత ఆ పెట్టెను తెరిపించి చూపించితిమి. యువకుని పనితనములో లోపమేమియు లేదు. ఒక్క తీగ తప్ప. ఆ ఒక్క తీగ సంగతియే నేడు మీకు చెప్పదలచినది.

మొదట ఆ పెట్టెలో ఏమున్నదో తెలిసికొందము. మైకు సెట్టు వంటి పరికరములకు రెండు విధముల వోల్టేజి కావలసియుండును. ఒకటి సున్నకు పైన, ఒకటి సున్నకు దిగువన. అనగా ధనము, ఋణము. ఇందుకై 12–0–12 అను చిన్న ట్రాన్స్‌ఫార్మరును వాడుదురు. దాని ఒక ప్రక్క చుట్టకు గోడ నుండి వచ్చు 230 వోల్టులు ఇత్తురు. రెండవ ప్రక్క చుట్ట నుండి మూడు తీగలు బయటికి వచ్చును. రెండు చివరి తీగల నడుమ 24 వోల్టులుండును. నడిమి తీగ నుండి ఏ చివరికి కొలిచినను 12 వోల్టులే యుండును. ఈ కరెంటును నాలుగు డయోడ్ల గుండ పంపి, రెండు కండెన్సర్లతో నిలుకడ చేసినచో, ఒక ప్రక్క సుమారు 16 వోల్టుల ధనము, రెండవ ప్రక్క అంతే ఋణము లభించును. రెండింటికిని నడిమి తీగయే సున్న. కావడి బద్దకు రెండు ప్రక్కల రెండు కుండలు వ్రేలాడినట్లు, నడిమి తీగ భుజముపై రెండు వోల్టేజిలు నిలుచును.

ఈ ట్రాన్స్‌ఫార్మరులో ఒక గొప్ప గుణము కలదు. లోపలికి వచ్చు చుట్టకును బయటికి పోవు చుట్టకును నడుమ తీగ సంబంధము లేదు. ఇనుప రేకుల గుండ పారు అయస్కాంత బలమొక్కటే శక్తిని ఇవతలికి దాటించుచున్నది. ఈ ధర్మమును మైకేలు ఫారడే అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1831లో కనుగొనెను. అందుచేత గోడలోని 230 వోల్టుల కరెంటు ఇవతలికి రాజాలదు. ప్రాణాపాయమునకును మన చేతికిని నడుమ ట్రాన్స్‌ఫార్మరు ఒక కంచె వంటిది.

ఆ యువకుడు చేసినదేమన, నడిమి తీగను రేకు డబ్బాకు కలిపెను. అంతవరకు తప్పు లేదు. మైకు తీగపై అల్లిన వల, మైకు యొక్క ఇనుప శరీరము కూడ ఆ నడిమి తీగకే చేరును. కాని శబ్దములో కొంత గుర్రుమను చప్పుడు వచ్చుచుండగా, దానిని మాన్పుటకై ఆ డబ్బాను గోడ నుండి వచ్చు రెండు తీగలలో ఒకదానికి, అనగా న్యూట్రల్ తీగకు, కలిపివేసెను. చప్పుడు మానినది. కాని చేనికి కంచె వేసి తానే గండి కొట్టినట్లయినది. ట్రాన్స్‌ఫార్మరు కాపాడుచున్న ఎడము ఆ ఒక్క తీగతో తొలగిపోయినది.

అతడు వాడినది రెండు పుల్లల ప్లగ్గు. అతని ఇంట ఒక విధముగా గ్రుచ్చెడివాడు. డబ్బా న్యూట్రల్‌కు చేరెడిది. పంచాయతీ కార్యాలయమున ఎవరో అటుదిటుగా గ్రుచ్చిరి. అంతట న్యూట్రల్ అనుకొన్న తీగ ఫేజు తీగ యైనది. రేకు డబ్బాకును, మైకునకును 230 వోల్టులు ఎక్కినవి. బల్ల కొయ్యది కనుక కరెంటునకు నేలకు పోవు దారి లేదు, ఫ్యూజు పోలేదు, మైకు పలుకుచునే యున్నది. తడినేలపై నిలిచిన ఆ కార్మికుని శరీరమే మొదటి దారి యైనది.

తడిసిన శరీరము కరెంటునకు ఇచ్చు అడ్డు సుమారు 1000 ఓములని లెక్కింతురు. 230 వోల్టులను 1000తో భాగించినచో 230 మిల్లీ ఆంపియర్లు. ఒక మిల్లీ ఆంపియరు పారినచో చేయి జుమ్మనును. 10 మొదలు 20 వరకు పారినచో పట్టిన పిడికిలి విడువరాదు. 30 దాటి కొంతసేపు పారినచో గుండె లయ తప్పవచ్చును. గోడలోని ఫ్యూజు పోవుటకు అనేక ఆంపియర్లు, అనగా వేలకొలది మిల్లీ ఆంపియర్లు కావలెను. కనుక ఫ్యూజు తీగను కాపాడును గాని మనిషిని కాపాడదు. ఈ మాటను ప్రతి సభ్యుడును గుర్తుంచుకొనవలెను.

ఇదంతయు చెప్పగా ఆ యువకుడు నన్నొక ప్రశ్న అడిగెను: “అయ్యా, న్యూట్రల్‌ను నేలకు కలిపియే ఉంచుదురు గదా? నేలకు కలిసిన తీగను డబ్బాకు కలిపితే తప్పేమి?” అది తెలివైన ప్రశ్న. దానికి సమాధానము ఆ పెట్టెలో లేదు. ఊరి ట్రాన్స్‌ఫార్మరు వద్ద నున్నది.

మీ ఊరి ట్రాన్స్‌ఫార్మరును చూడుడు. పైనుండి మూడు తీగలు వచ్చును. వాటిలో 11,000 వోల్టులు. క్రింది నుండి నాలుగు తీగలు పోవును: మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. ఏ రెండు ఫేజుల నడుమ కొలిచినను సుమారు 400 వోల్టులుండును. ఫేజునకును న్యూట్రల్‌కును నడుమ సుమారు 230 వోల్టులుండును. మొదటిది బోరు మోటారునకు, రెండవది ఇంటి దీపమునకు. అనగా ఇదియు ఆ యువకుని పెట్టె వలె రెండు వోల్టేజిల పరికరమే. ఆ పెట్టెలో రెండు ప్రక్కల నడుమ నడిమి తీగ యున్నట్లు, ఇందు మూడు చుట్టలు కలిసిన నడిమి బిందువు నుండి న్యూట్రల్ తీగ బయలుదేరుచున్నది. చిన్నదైనను పెద్దదైనను ధర్మ మొక్కటే.

ఈ నడిమి బిందువును ట్రాన్స్‌ఫార్మరు గద్దె వద్ద నేలలోనికి కలిపెదరు. ఒక తీగతో కాదు. వేరువేరుగా రెండు తీగలతో కలుపవలెనని 1956 నాటి భారత విద్యుత్ నియమములే శాసించినవి. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ చేసిన నిబంధనలును, వాటి స్థానమున 2023లో వచ్చిన నిబంధనలును ఇట్టి జాగ్రత్తలనే కోరుచున్నవి. ట్రాన్స్‌ఫార్మరు యొక్క ఇనుప శరీరమునకు గూడ వేరుగా రెండు ఎర్తు తీగలుండవలెను. ఒకటి తెగినను రెండవది నిలుచుటకే ఈ ఏర్పాటు.

కనుక ఆ యువకుడు అన్నది నిజమే. న్యూట్రల్ నేలకు కలిసియున్నది. కాని అక్కడ కలిసియున్నది, ఇక్కడ కాదు. ట్రాన్స్‌ఫార్మరు వద్ద చేయవలసిన పనిని మన ఇంట, మన డబ్బాలో మనము చేయరాదు. ఇందుకు మూడు కారణములు కలవు.

మొదటిది: గోడలోని రెండు రంధ్రములలో ఏది ఫేజు, ఏది న్యూట్రల్ అను నమ్మకము లేదు. వైరింగు చేసినవాడు తారుమారు చేసియుండవచ్చును. రెండు పుల్లల ప్లగ్గు ఏ విధముగనైనను దూరును. మైకు సంఘటనలో జరిగినది ఇదియే.

రెండవది: న్యూట్రల్ తీగ దారిలో తెగవచ్చును. గాలివానకు స్తంభము వద్ద న్యూట్రల్ తెగినచో, ఇంటిలోని దీపము గుండ వచ్చిన ఫేజు కరెంటు తిరిగి పోవు దారి లేక, తెగిన న్యూట్రల్ తీగకే ఎక్కి నిలుచును. ఆ తీగకు కలిపిన రేకు డబ్బా, ఫ్రిజ్జు, కూలరు అన్నియు షాకు కొట్టును. మరియొక చిక్కు కూడ కలదు. ఊరి మధ్య న్యూట్రల్ తెగినచో వేర్వేరు ఫేజులపై నున్న ఇండ్లు 400 వోల్టులను తమలో తాము పంచుకొనును. తక్కువ దీపములు వెలుగుచున్న ఇంటికి ఎక్కువ వోల్టేజి పోవును. కొన్ని ఇండ్లలో బల్బులు పగులును, టెలివిజన్లు కాలును. కొన్ని ఇండ్లలో దీపములు మినుకుమినుకుమనును. ఇట్టి వింత మీ ఊర కనబడినచో అది న్యూట్రల్ పోయిన గుర్తు. వెంటనే మెయిను స్విచ్చిలు ఆపించి, లైన్‌మెన్‌కు తెలుపవలెను.

మూడవది: న్యూట్రల్ నిత్యము కరెంటును మోయుచుండు తీగ. నేల తీగ ఆపదనాడు మాత్రమే మోయుటకు పెట్టిన తీగ. ఊరికి నిత్యము నడచు బాటను, వరద వచ్చిననాడు పారవలసిన వాగును ఒకటిగా చేసినచో ఏమగునో మీకు తెలియును.

నేలకు కరెంటును మోయు శక్తి కలదని లోకమునకు తెలిసి చాలకాలమైనది. 1838లో జర్మనీ దేశమున స్టైన్‌హైల్ అను శాస్త్రజ్ఞుడు తంతి వార్తలకు రెండు తీగలు అక్కరలేదనియు, రెండవ తీగ పనిని భూమియే చేయుననియు కనుగొనెను. తంతికి కావలసినది అతి స్వల్పమైన కరెంటు; అందుచే అది చెల్లినది. కాని మన పల్లెలలో కొందరు ఒక ఫేజు తీగను తెచ్చి, రెండవ కొనను నేలలో పాతిన ఇనుప కడ్డీకి కలిపి దీపము వెలిగించుట కలదు. ఆ కడ్డీ చుట్టునున్న తడినేలలో వోల్టేజి వ్యాపించును. అటు నడచిన మనిషియు, పశువును ప్రమాదమున పడుదురు. పశువు ముందు కాళ్లకును వెనుక కాళ్లకును నడుమ దూరమెక్కువ కనుక దానికి ముప్పు మరింత హెచ్చు. ఈ అలవాటును ఏ పంచాయతీయు సహింపరాదు.

ఇక నేల తీగ సంగతి. ఇనుప శరీరముగల ప్రతి పరికరమునకు, మోటారునకు, స్టార్టరు పెట్టెకు, ఫ్రిజ్జునకు మూడవ తీగ యొకటి యుండవలెను. దానిని మనము ఎర్తు అందుము. మూడు పుల్లల ప్లగ్గులో పైనున్న పుల్ల లావుగను పొడవుగను ఉండుట మీరు చూచియుందురు. అది అందము కొరకు కాదు. ప్లగ్గు పెట్టునపుడు ఎర్తు అన్నిటికంటె ముందు తగులవలెను. తీయునపుడు అన్నిటికంటె చివర విడివడవలెను. గోడకు మూడవ రంధ్రము లేదని ఆ పుల్లను విరిచివేయువారు కలరు. కాపలాదారుని పంపివేసి తలుపు తెరచిపెట్టుట అట్టిదే.

అయితే, ఒక కడ్డీ నేలలో పాతినంత మాత్రమున ఎర్తింగు అయినదని నిశ్చింతగా నుండరాదు. ఒక లెక్క చూడుడు. బోరు వద్ద మీరు పాతిన కడ్డీకి నేల ఇచ్చు అడ్డు 20 ఓములనుకొందము. ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఎర్తు అడ్డు 5 ఓములనుకొందము. మోటారులో ఒక ఫేజు తీగ దాని శరీరమునకు తగిలినది. 230 వోల్టులను 25తో భాగించినచో సుమారు 9 ఆంపియర్లు పారును. 16 ఆంపియర్ల ఫ్యూజు పోదు. మోటారు శరీరముపై 180 వోల్టులకు పైగా నిలిచియుండును. రైతు దానిని ముట్టుకొనును. కడ్డీ యున్నది; ఫ్యూజు యున్నది; అయినను ప్రాణమునకు రక్షణ లేదు.

మన జహీరాబాదు, కోహీరు ప్రాంతములందు ఈ లెక్క మరింత ముఖ్యము. ఇచ్చట ఎర్రనేలలు, వాటి క్రింద మొరము ఎక్కువ. నీరు నిలువక ఇంకిపోవును. ఎండకాలమున నేల ఎండి, కరెంటునకు అడ్డు బహుళముగ పెరుగును. నల్లరేగడి తేమను కొంతకాలము పట్టియుంచును, ఎర్రమొరము పట్టియుంచదు. శ్రావణమాసమున మంచిగా నున్న ఎర్తు వైశాఖమాసమున పనికిరాకుండ పోవచ్చును. కనుక పరీక్ష చేయించవలసినది వానలలో కాదు, ఎండలలో.

ఇందుకు రెండు ఉపాయములు కలవు. మొదటిది సరియైన ఎర్తు గుంత. భారత ప్రమాణము 3043 ఎర్తింగును గూర్చినది. కనీసము రెండున్నర మీటర్ల పొడవు, సుమారు 40 మిల్లీమీటర్ల వ్యాసముగల జస్తా పూత ఇనుప గొట్టమును నిలువుగా పాతవలెను. గోడకు కనీసము ఒకటిన్నర మీటరు దూరమున నుండవలెను. చుట్టును బొగ్గు, ఉప్పు వరుసలుగా నింపు పద్ధతి వాడుకలో నున్నది. గొట్టము పైన గరాటు పెట్టి, సిమెంటు తొట్టి కట్టి, ఎండకాలమున నీరు పోయుచుండవలెను. ఎర్తు తీగ బిగింపు త్రుప్పు పట్టినచో గుంత ఎంత మంచిదైనను ఫలము లేదు.

రెండవది, ఇంకను ముఖ్యమైనది, లీకేజీ బ్రేకరు. దీనిని ఆర్.సి.సి.బి. అనియు అందురు. ఫేజులో పోయిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చినదా లేదా అని ఇది ప్రతిక్షణము లెక్క చూచుచుండును. నమ్మకస్తుడైన గుమాస్తా జమాఖర్చు సరిచూచినట్లే. 30 మిల్లీ ఆంపియర్లు లెక్కకు తక్కువ వచ్చినచో, అనగా ఎక్కడనో నేలలోనికి పోవుచున్నదని తెలిసినచో, సెకనులో కొద్ది భాగములోనే కరెంటును తెంచివేయును. 9 ఆంపియర్లకు ఫ్యూజు పోని చోట ఇది తక్షణము పనిచేయును. మన నేలలకు ఇది మిక్కిలి అవసరము. దానిపై పరీక్ష బొత్తమొకటి యుండును. నెలకొకసారి నొక్కి చూడవలెను. నొక్కగానే పడిపోయినచో మంచిది.

ఆ యువకుని పెట్టెను తరువాత సరిచేసిన విధము చెప్పెదను. మీ ఊర అట్టి పనిమంతులున్నచో వారికి పనికివచ్చును. రెండు పుల్లల ప్లగ్గు తీసి మూడు పుల్లలది పెట్టిరి. గోధుమరంగు తీగ ఫేజు. దానిలోనే ఫ్యూజు, స్విచ్చి. నీలితీగ న్యూట్రల్, అది నేరుగా ట్రాన్స్‌ఫార్మరునకు పోవును, డబ్బాకు తగులదు. పచ్చ–పసుపు చారల తీగ ఎర్తు. దానిని డబ్బాకు రంగు గీకి, మర బిగించి, గట్టిగా కలిపిరి. పాత వైరింగులలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. నడిమి తీగను, అనగా 12–0–12లోని సున్నను, డబ్బాకు ఒకేచోట కలిపిరి. రెండుమూడు చోట్ల కలిపినచో మరల గుర్రుమను చప్పుడు వచ్చును. అతడు మొదట చేయవలసిన చికిత్స ఇదియే. ఋణము వైపు కండెన్సరు యొక్క ధన కాలు నడిమి తీగకు చేరవలెను. తారుమారైనచో అది పగులును.

ఇంకొక జాగ్రత్త. ట్రాన్స్‌ఫార్మరు తీగల రంగులు ఒక్కొక్క తయారీలో ఒక్కొక్క విధముగా నుండును. రంగును నమ్మి 24 వోల్టుల ప్రక్కకు 230 వోల్టులు తగిలించినచో చుట్ట కాలును. అవతలి ప్రక్క రెండువేల వోల్టుల వరకు లేవ వచ్చును. కనుక మీటరుతో చుట్ట అడ్డును కొలిచి చూడవలెను. అడ్డు ఎక్కువగా నున్నది గోడ ప్రక్క చుట్ట. మొదటిసారి కరెంటు ఇచ్చునపుడు ఫేజులో వరుసగా ఒక 60 వాట్ల బల్బును పెట్టి చూడవలెను. బల్బు క్షణము వెలిగి మసకబారినచో పని సరియైనది. నిండుగా వెలుగుచునే యున్నచో లోపల తప్పున్నది.

ఇట్టి పనులు పల్లెవారికి అందవని ఎవరైన అందురేమో! ఈ ప్రాంతముననే ఝరాసంగం మండలము మాచునూరు నుండి 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారములు ప్రారంభమైనవి. దానిని నడిపినవారు పట్టణములలో చదివిన ఇంజనీర్లు కారు. ఈ పల్లెల స్త్రీలే. మైకులు, రికార్డింగు యంత్రములు వారి చేతిలో కొడవలి వలె మెలగినవి. కనుక మన యువకుల నేర్పును అణచివేయవలదు. ఆ యువకుని ఎవరును దండింపలేదు. అతడే నేడు ఆ ఊర ఇంటింటి ప్లగ్గులను సరిచూచుచున్నాడు.

ఇక పంచాయతీ సభ్యులుగా మీరు చేయదగిన పనులు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము వీధిదీపములకు ఒక స్థాయీ సంఘమును ఏర్పరచినది. ఆ సంఘము ఈ కార్యమునకు ముందు నిలువదగినది.

పంచాయతీ కార్యాలయము, పాఠశాల, అంగన్‌వాడీ, నీళ్లట్యాంకు మోటారు – వీటిలోని ప్రతి ప్లగ్గును అనుమతి పొందిన ఎలక్ట్రీషియనుచే పరీక్షింపజేయుడు. ఫేజు, న్యూట్రల్ సరియైన ప్రక్కనున్నవా, ఎర్తు ఉన్నదా అని మీటరుతో చూడవలెను. టెస్టరు వెలిగినంత మాత్రమున ఎర్తు ఉన్నదని తెలియదు. ప్రతి భవనమునకు 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకరు పెట్టించుడు.

ఎర్తు గుంతల పట్టిక యొకటి వ్రాయుడు. ఏ గుంత ఎక్కడ నున్నది, ఎప్పుడు కొలిచినది, ఎన్ని ఓములు వచ్చినది వ్రాసి కార్యాలయమున వ్రేలాడదీయుడు. వైశాఖమున నీరు పోయు బాధ్యత ఒకరికి అప్పగింపుడు.

వీధిదీపపు ఇనుప స్తంభములకు ఎర్తు తీగ యున్నదా చూడుడు. బట్టలారవేయు దండెమునకు ఇనుప తీగ కట్టు అలవాటును మాన్పింపుడు. సర్వీసు తీగ పైపొర చిట్లి ఆ దండెమునకు తగిలినచో, తడిబట్ట వేయవచ్చిన తల్లి చేయే మొదట దానిని ముట్టుకొనును. నైలాను త్రాడు ధర కొద్దిపాటిది.

ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఎర్తు తీగ తెగినను, దొంగలు కోసికొనిపోయినను, గద్దె చుట్టు కంచె లేకున్నను వ్రాతమూలకముగా విద్యుత్ పంపిణీ సంస్థకు తెలుపుడు. 1912 నంబరునకు ఫోను చేయుడు. ఏ రైతునకును ట్రాన్స్‌ఫార్మరు ఎక్కి ఫ్యూజు వేయు హక్కు లేదని గ్రామసభలో చెప్పుడు. చెరకు ఎండుచున్నదను ఆత్రుతతో ఎక్కినవాడు దిగిరాకపోయిన సందర్భములు మన రాష్ట్రమున పెక్కు కలవు. పంట మరల వచ్చును.

ఎవరికైన షాకు కొట్టినచో ముందు స్విచ్చి ఆపవలెను. ఆపరానిచో పొడికర్రతో తీగను తొలగింపవలెను, చేతితో ముట్టరాదు. పడిపోయిన తీగ పైలైనుదైనచో కర్రతో కూడ సమీపింపక, లైను ఆపించువరకు అందరిని దూరముగ నుంచవలెను. ఊపిరి ఆడనిచో ఛాతీపై లయగా నొక్కుచు, 108కి ఫోను చేయవలెను. ఊరికి ఇద్దరైనను ఈ విద్యను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున నేర్చుకొనుట మేలు.

సోదర సోదరీమణులారా! నా ప్రసంగ సారము రెండు ముక్కలు. నడిమి తీగ వేరు, నేల తీగ వేరు. ఆ రెండును కలియవలసిన చోటు ట్రాన్స్‌ఫార్మరు గద్దె. మన ఇంటి డబ్బా కాదు. నడిమి తీగ దీపమును వెలిగించును; నేల తీగ మనిషిని నిలుపును. మీరు ఊరికి వెలుగు తెచ్చుటకు ఎంత శ్రమపడితిరో నాకు తెలియును. ఆ వెలుగు క్రింద చెప్పులు లేని కాళ్లతో పనిచేయు మనిషి సాయంత్రము క్షేమముగా ఇల్లు చేరుట కూడ మీ పాలనలో భాగమే.

మీ తదుపరి గ్రామసభలో మైకు పట్టుకొనుటకు ముందు, దాని ప్లగ్గునకు మూడు పుల్లలున్నవో లేవో ఒక్కసారి చూడుడు. అదియే నా ప్రార్థన. సెలవు.